డాఫొడిల్స్ కలిపి కట్టిన ట్యులిప్ బొకే కొంటున్నారా? ముందు ఇది చదవండి

ట్యులిప్స్, డాఫొడిల్స్, హయసింత్‌లు కలిపి కట్టి "వారం రోజులు గ్యారంటీ" అని అమ్మే రెడీమేడ్ బొకేలతో జాగ్రత్తగా ఉండండి. మాకొచ్చిన దాంట్లో రెండో రోజుకే ట్యులిప్ ఆకులు పసుపెక్కాయి, కాడలు వేలాడిపోయాయి, నీళ్లు మడ్డిగా మారాయి. డాఫొడిల్స్ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి! అమ్మినవాళ్లేమో నీళ్లు మార్చి ఉండరంటూ నెపం మామీదకే నెట్టారు. అసలు తప్పు కట్టేటప్పుడే జరిగింది. డాఫొడిల్ కాడల్ని జిగురు కారిపోనివ్వకుండా, కోసింది కోసినట్టే మిగతా పూలతో కలిపేశారు.

డాఫొడిల్ కాడ కోయగానే తెగినచోట తీగ సాగే జిగురు ఊరుతుంది. పక్కన గులాబీలుంటే, ఆ జిగురులోని చక్కెరలు తిని నీళ్లలో బాక్టీరియా పెరిగి, కాడలో నీరెక్కే దారులు పూడుకుపోతాయి. ట్యులిప్స్ సంగతి వేరు. జిగురులోని ఆల్కలాయిడ్లే (మొక్కల్లో ఉండే ఘాటైన రసాయనాలు) వాటికి పడవు, అందుకే ముందు ఆకులు పసుపెక్కుతాయి. విచిత్రంగా ఐరిస్ పూలకు మాత్రం ఇదే జిగురు మేలు చేస్తుంది, పువ్వు ఇంకాస్త ఎక్కువ నిలుస్తుంది.

పద్ధతిగా చేసేవాళ్లు డాఫొడిల్స్‌ను కావలసిన పొడవుకి ముందే కోసి, వేరే బకెట్‌లో చల్లటి నీళ్లలో రాత్రంతా, కనీసం 12 గంటలు ఉంచుతారు. తర్వాత కాడలు కడిగి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడే మిగతావాటితో కలుపుతారు. ఆ తర్వాత కత్తెర తగలకూడదు. వాజ్‌లో పెడుతూ "కొంచెం పొడుగుంది" అని అర అంగుళం కత్తిరించినా జిగురు మళ్లీ మొదలు, 12 గంటల లెక్కా మళ్లీ మొదలు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కాబట్టి కొనేముందు ఒక్కటే అడగండి: డాఫొడిల్స్‌ను ఎంతసేపు విడిగా ఉంచారు? అన్నీ ఒకే బకెట్‌లో ఉన్నాయంటే ఆ బొకే వద్దు. ఏ కట్టకా కట్ట విడిగా కొనుక్కోండి.

ట్యులిప్ మొగ్గ మూసుకునే ఉండాలి కానీ రంగు తిరిగి ఉండాలి. పూర్తిగా ఆకుపచ్చగా ఉన్నది సరిగ్గా విచ్చుకోకపోవచ్చు. తాజా కట్టలో ఆకులు ఒకదానికొకటి రాస్తే కీచుమంటాయి. రేకుల అంచులు కాగితంలా ఎండి, కాడ చివర గోధుమరంగుకి తిరిగితే అది పాత సరుకు. డాఫొడిల్ మొగ్గ రంగు చూపిస్తూ మెడ వంచి ఉన్నప్పుడు తీసుకోవచ్చు. ఐరిస్‌కు మొగ్గ కొసన రంగు కనబడితే చాలు, హయసింత్‌కు కింది వరస పూలు రంగు తిరిగి ఉండాలి.

కలిపి కట్టింది ఇప్పటికే ఇంటికొచ్చేస్తే వెంటనే కట్టు విప్పండి. డాఫొడిల్స్‌ను రాత్రికి వేరే పాత్రలోకి మార్చండి. ట్యులిప్ కాడలు అడుగున 2 సెంటీమీటర్లు, చివర తెల్లగా ఉంటే ఆ తెల్లభాగం మొత్తం కోసెయ్యండి, అది నీరు సరిగా పీల్చదు. సబ్బుతో కడిగిన వాజ్‌లో కొత్త నీళ్లు పొయ్యండి. కాడలు వాలి ఉంటే కట్టను కాగితంలో బిగుతుగా, నిటారుగా చుట్టి రెండు మూడు గంటలు లోతు నీళ్లలో నిలబెట్టండి, లేస్తాయి. పసుపెక్కిన ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడవు, తీసెయ్యండి.

అమర్చేటప్పుడు ట్యులిప్స్‌ను మిగతావాటికన్నా కాస్త కిందికి పెట్టండి. కోశాక కూడా అవి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి, వెలుతురు వైపు వంగుతాయి. నీళ్లు 5 నుంచి 8 సెంటీమీటర్లు చాలు, రోజూ మార్చాలి. బొకేతో ఇచ్చే మామూలు పూల పొడి ప్యాకెట్‌లో చక్కెర ఎక్కువ, ఈ పూలకు అంత అక్కర్లేదు. ఇలా దుంప నుంచి మొలిచే పూల కోసం విడిగా వచ్చే పొడి దొరికితే మంచిది, లేకపోతే ఉత్త నీళ్లే నయం. నాణెం వెయ్యడం, పువ్వు కింద సూదితో గుచ్చడం లాంటివి నమ్మకండి.

డాఫొడిల్, హయసింత్ కాడలు ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ రసం కొందరికి దురద, దద్దుర్లు తెస్తుంది. డాఫొడిల్స్ ఉంచిన నీళ్లు విషం. పిల్లులకూ కుక్కలకూ అందకుండా ఎప్పటికప్పుడు పారబొయ్యండి.