నడుం నొప్పికి వీఆర్ ఎక్సర్‌సైజ్ ప్యాకేజీ అంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

అమ్మానాన్నల నడుం నొప్పికి వీఆర్ హెడ్‌సెట్ (కళ్ళకి పెట్టుకుంటే చుట్టూ కంప్యూటర్ బొమ్మల లోకం కనపడేది) ప్యాకేజీ తీసుకుందాం అనుకునేవాళ్ళు కాస్త ఆగండి. మా నాన్నకి 70 దాటాయి, ఏళ్ళ తరబడి నడుం నొప్పి, ఫిజియో దగ్గరికి రమ్మంటే రారు, సరే ఇంట్లోనే చేసుకుంటారులే అని ఇన్‌స్టాలో యాడ్ చూసి హెడ్‌సెట్, ఏడాది సబ్‌స్క్రిప్షన్ కలిపి కొన్నాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఇదే టైపు యాడ్‌లు ఇంకా తిరుగుతున్నాయి.

యాడ్‌లో పెద్దక్షరాలతో "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్ టెక్నాలజీ" అని ఉంది. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ. 2021 నవంబర్‌లో అది ఓకే చేసింది ఈజ్‌వీఆర్‌ఎక్స్ అనే వేరే వీఆర్ ప్రోగ్రామ్‌ని. ఆ ప్రోగ్రామ్ డాక్టర్ రాసిస్తేనే ఇస్తారు, 8 వారాలు, 56 సెషన్లు, ఒక్కోటి 2 నుంచి 16 నిమిషాలు. అందులో ఉండేది ఊపిరి ప్రాక్టీసు, రిలాక్సేషన్, నొప్పి మీంచి ధ్యాస మళ్ళించడం లాంటివి, అసలు ఎక్సర్‌సైజే కాదు. దాని పేరు వాడుకుని వీళ్ళు అమ్మేదేమో చేతులూపి బెలూన్లు పగలగొట్టే గేమ్!

ఇక వాడకం సంగతి. ఈ హెడ్‌సెట్లు అర కేజీ దాకా ఉంటాయి, బరువంతా మొహం మీదే, నడుం సంగతి దేవుడెరుగు మెడ పట్టేసింది. బైఫోకల్ కళ్ళద్దాలు లోపల పట్టవు, తీసేస్తే అంతా మసక. ఇన్‌స్ట్రక్షన్లన్నీ అమెరికన్ ఇంగ్లీషులో, నాన్న మాటిమాటికీ హెడ్‌సెట్ పైకెత్తి "ఏమంటోందిరా ఇది" అని అడగడమే. అన్నిటికంటే భయం ఏంటంటే అది పెట్టుకుంటే మన కాళ్ళు మనకి కనపడవు, పక్క బెలూన్ కోసం అడుగేసి తూలారు, దివాన్ కాట్ చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. కూర్చుని చేసే మోడ్ ఏదండీ అంటే అది పై ప్లాన్‌లో ఉందట, డెమో వీడియోలో చూపించింది మాత్రం అదే.

వీఆర్ మొత్తం వేస్ట్ అనట్లేదు, పక్కన ఫిజియో ఉండి కూర్చోబెట్టి చేయిస్తే అది వేరే. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళయితే ముందు డాక్టర్‌ని అడగాల్సిందే, మెటా కంపెనీ క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్ల సేఫ్టీ కాగితాల్లోనే ఆ ముక్క ఉంటుంది, ఎవరూ చదవరంతే.

రిఫండ్ అడిగితే బాక్స్ ఓపెన్ చేశారు కుదరదు అన్నారు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాం, ఇంకా తేలలేదు. యాడ్ స్క్రీన్‌షాట్ మాత్రం కొనేరోజే తీసిపెట్టుకోండి, మేం కంప్లైంట్ పెట్టాక చూస్తే వాళ్ళ పేజీలో ఆ ఎఫ్‌డీఏ లైన్ మాయం.