చివితావెక్కియా పోర్ట్ నుంచి రోమ్‌కి 12 యూరోల టికెట్‌తో వెళ్లొచ్చాం: నలుగురి అనుభవం, రివ్యూ

ముందు ఒక విషయం క్లియర్ చేస్తా. క్రూయిజ్ బ్రోచర్‌లో "రోమ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది కానీ ఓడ ఆగేది రోమ్‌లో కాదు, చివితావెక్కియా అనే ఊళ్లో. అక్కడి నుంచి రోమ్ ఇంకా 70 కిలోమీటర్ల పైమాటే. మా నాన్నది బందరు, ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు, "అంటే బందర్లో దింపేసి బెజవాడ చూపించాం అంటారన్నమాట". కరెక్ట్‌గా అంతే, దూరం కూడా ఇంచుమించు అంతే. మన వైజాగ్‌లో అయితే క్రూయిజ్ టెర్మినల్ బయటికొస్తే ఊరే, ఇక్కడ ఆ సుఖం లేదు.

మేం నలుగురం, నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వచ్చిన అమ్మ నాన్న. షిప్‌లో టూర్ డెస్క్ దగ్గర అడిగితే రోమ్‌కి బస్‌లో తీసుకెళ్లి ఒకచోట దింపి సాయంత్రం మళ్లీ అక్కడే ఎక్కించుకుంటాం అన్నారు, గైడ్ ఉండడు, ఏ టికెట్టూ ఉండదు, ఉత్త బస్సే, మనిషికి 79 యూరోలు. నలుగురికి 316. నేను రైల్లో వెళ్తాం అంటే ఆ కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూనే "లేట్ అయితే షిప్ ఆగదు సార్, మీ ఇష్టం" అంది. ఆ మాట మా అమ్మ విన్నది. అంతే, ఆ రాత్రంతా "ఎందుకురా రిస్కు, డబ్బులు పోతే పోయాయి" అని ఒకటే గోల. అమ్మ భయంలో న్యాయం ఉంది, షిప్ వాళ్ల టూర్ బస్ లేట్ అయితే మామూలుగా వాళ్లు ఆగుతారు, మనంతట మనం వెళ్లి లేట్ అయితే టాటా చెప్పి వెళ్లిపోతారు. కానీ పొద్దున ఏడింటికి ఓడ ఆగి సాయంత్రం ఆరింటికి ఎక్కమంటే మధ్యలో 11 గంటలుంది, రైలుకి ఎలా చూసినా గంటా గంటంబావు, దానికి 316 యూరోలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు అసలు రివ్యూ. నా అనుభవంలో ఈ మొత్తం ప్రయాణంలో 70 కిలోమీటర్ల రైలు ప్రయాణం చాలా ఈజీ, చిరాకంతా ఓడకీ స్టేషన్‌కీ మధ్య ఉన్న ఆ ముష్టి రెండు మూడు కిలోమీటర్ల దగ్గరే. ఎవరూ ఇది సరిగ్గా చెప్పరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఓడ దిగగానే బయట పోర్ట్ వాళ్ల ఫ్రీ షటిల్ బస్సులుంటాయి. ఫ్రీ అంటే నిజంగా ఫ్రీనే, డౌట్ పడకండి, నాన్న రెండుసార్లు జేబులోంచి పర్సు తీశారు. పోర్ట్ చాలా పెద్దది, పెద్ద షిప్పులు ఆగే చోట్లు దూరంగా ఉంటాయి కాబట్టి ఈ షటిల్ ఎక్కడమే మంచిది. అది తీసుకెళ్లి లార్గో దెల్లా పాచె అనే చోట దింపుతుంది. పాచె అంటే ఇటాలియన్‌లో శాంతి అంట. ఆ రోజు మా షిప్‌తో కలిపి మూడు షిప్పులొచ్చాయి, అక్కడ శాంతి తప్ప అన్నీ ఉన్నాయి. బస్ దిగిన నిమిషంలో టాక్సీ వాళ్లు చుట్టేస్తారు, ఒకాయన వెళ్లి రావడానికి 300 అని మొదలుపెట్టి, మేం నడుస్తూనే ఉంటే 240కి దిగాడు, రైళ్లు ఇవాళ సరిగ్గా లేవు అని కూడా ఒక రాయి వేశాడు. వినకండి. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త, ఇటలీలో రైల్వే సమ్మెలు మామూలే, "షోపెరో" అంటారు, ముందే డేట్ ప్రకటిస్తారు కాబట్టి వెళ్లే ముందు రోజు రాత్రి ఫోన్‌లో ఒకసారి చూసుకోండి. సమ్మె రోజైనా వర్కింగ్ డేస్‌లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్లు తప్పనిసరిగా నడపాలి కానీ మన క్రూయిజ్ టైమింగ్స్‌కి ఆ సాయంత్రం రైళ్లు పనికిరావు. అలాంటి రోజు పడితే మాత్రం నోరు మూసుకుని షిప్ వాళ్ల బస్ ఎక్కేయడమే.

లార్గో దెల్లా పాచె నుంచి స్టేషన్‌కి మేం వెళ్లినప్పుడు రెండు యూరోల చిల్లరకి బస్ ఉంది, లేదంటే నడక. అందరూ ఒకేసారి దిగారు కాబట్టి బస్ లైన్ చాంతాడంత ఉంది, అది చూసి మేం నడిచాం. 25 నిమిషాలు పట్టింది, అమ్మ మోకాళ్లతో కలిపి లెక్క. సముద్రం పక్కనే రోడ్డు, చదునుగానే ఉంది, దారిలో ఫోర్తె మికెలాంజెలో అని పెద్ద రాతి కోట కనిపిస్తుంది, 1508లో మొదలుపెట్టారు. ఈ రేవు అంతకంటే పాతది, దాదాపు 1900 ఏళ్ల కింద ట్రాజన్ చక్రవర్తి కట్టించాడు. పొద్దున ఎనిమిదిన్నరకి గాలికి హాయిగానే ఉంది. సాయంత్రం ఎండలో ఇదే దారి వేరే కథ, అది తర్వాత.

స్టేషన్‌లో టికెట్ మెషిన్ల దగ్గర జనం ఉంటారు, అక్కడే టైమ్ వేస్ట్ చేసుకోకండి, స్టేషన్‌లో ఉన్న సిగరెట్లూ పేపర్లూ అమ్మే కొట్లో కూడా టికెట్లు దొరుకుతాయి. "బిర్గ్" అని అడగండి చాలు. ఇది ఒకరోజు పాస్, ఆ అర్ధరాత్రి వరకు పనిచేస్తుంది, రోమ్‌కి రానూపోనూ రీజనల్ రైళ్లు, ప్లస్ రోమ్‌లో మెట్రో, సిటీ బస్సులు అన్నీ దీంట్లోనే. మేం వెళ్లినప్పుడు 12 యూరోలు. అందరూ దీన్ని తెగ పొగుడుతారు కానీ నేను లెక్క వేశా, విడిగా కొంటే రైలు 4.60 చొప్పున రెండుసార్లు 9.20, మెట్రో 1.50 చొప్పున మేం ఎక్కిన రెండుసార్లకి 3, మొత్తం 12.20. అంటే మనిషికి మిగిలింది అక్షరాలా 20 సెంట్లు. మరి ఎందుకు కొనాలంటే, అమ్మానాన్నలతో ప్రతి స్టేషన్‌లో మెషిన్ ముందు నిలబడే పని తప్పుతుంది, దానికి విలువ కట్టలేం. ఒక్క వాటికన్ చూసుకుని వచ్చేస్తాం అనుకునేవాళ్లకి మాత్రం బిర్గ్ దండగ, రానూపోనూ మామూలు టికెట్లు కొనుక్కోండి.

ఆ పేపర్ టికెట్ మీద పేరు, పుట్టిన తేదీ రాయాలి. అక్కడ ఇచ్చిన గీత వేలెడంత కూడా లేదు, నాన్న ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు రాస్తే సగంలోనే అయిపోయింది, మిగతాది అంచు చుట్టూ తిప్పి రాశారు, బ్యాంక్‌లో పనిచేసిన అలవాటు, సంతకం కూడా పెట్టారు ఎవరూ అడక్కుండానే. ఇంకో ముఖ్యమైన పని, రైలెక్కే ముందు ప్లాట్‌ఫామ్ దగ్గర గోడకి ఉన్న చిన్న మెషిన్‌లో టికెట్ పెట్టి స్టాంప్ కొట్టించాలి. టక్ మని సౌండ్ వస్తుంది, డేట్ టైమ్ ప్రింట్ అవుతుంది. అది లేకపోతే టికెట్ కొన్నా కొననట్టే, టీసీ పట్టుకుంటే ఫైన్ గట్టిగా పడుతుంది. ఫోన్‌లో కొన్నవాళ్లు యాప్‌లో చెక్-ఇన్ నొక్కాలి, అదీ అంతే. నేను మాటల్లో పడి నా టికెట్ ఒక్కటీ కొట్టించడం మర్చిపోయి రైలెక్కేశా, నాన్న చూసి దించి మరీ కొట్టించారు. ఇంకోటి, అదే స్టేషన్‌లో ఇంటర్‌సిటీ, ఫ్రెచ్చా రైళ్లు కూడా ఆగుతాయి, ఖాళీగా కనిపించాయి కదా అని ఎక్కేయకండి, బిర్గ్ వాటిలో చెల్లదు.

రైలు మన ఎంఎంటీఎస్ లాంటిదే, కాస్త నీటుగా ఉంటుంది, సీట్ నంబర్లుండవు. కుడివైపు కూర్చోండి, సాంతా మరినెల్లా దగ్గర సముద్రం బాగా కనిపిస్తుంది. చాలామంది టెర్మినీ అనే మెయిన్ స్టేషన్ వరకు వెళ్లిపోతారు, అది అనవసరం. ముందే రోమా సాన్ పియెత్రో అని వస్తుంది, 50 నిమిషాల్లో, అక్కడ దిగితే వాటికన్ చౌక్‌కి పది పదిహేను నిమిషాల నడక. పైగా టెర్మినీలో ఈ రైలు ఆగే ప్లాట్‌ఫామ్‌లు ఎక్కడో చివర, సికింద్రాబాద్‌లో ఒకటో నంబర్ నుంచి పదో నంబర్‌కి వెళ్లడమే నయం అనిపిస్తుందంట.

రోమ్ గురించి నేను రాసేదేముంది, అందరికీ తెలిసిందే. సెయింట్ పీటర్స్ బసిలికా లోపలికి ఫ్రీ, కానీ సెక్యూరిటీ లైన్, మాకు 50 నిమిషాలు పట్టింది, అమ్మ లైన్‌ని ఒక చూపు చూసి "సర్వదర్శనమే నయం, అక్కడ కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెడతారు, పాలిస్తారు" అంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, బుధవారం పొద్దున పోప్ సభ ఉంటే లోపలికి వెళ్లనివ్వరు. అక్కడి నుంచి నడుచుకుంటూనే సాంతాంజెలో కోట, నవోనా చౌక్, పాంథియన్ (2023 జులై నుంచి 5 యూరోలు టికెట్ పెట్టారు, మేం బయటి నుంచే చూసి దండం పెట్టేశాం), ట్రెవి ఫౌంటెన్. తర్వాత బర్బెరీనిలో మెట్రో ఎక్కి టెర్మినీలో లైన్ మారి కొలొస్సియో స్టేషన్. బయటికి రాగానే ఎదురుగా కొలోసియమ్. మెట్రోలో, 64 నంబర్ బస్‌లో జేబుదొంగలెక్కువ, బ్యాగు ముందుకి వేసుకోండి.

డబ్బు ఆదా అయిన ఇంకో విషయం చెప్పాలి, నీళ్లు. రోడ్ల మీద ఇనప కుళాయిలు ఉంటాయి, "నసోనె" అంటారు, పెద్ద ముక్కు అని అర్థం, వంకర ముక్కులాంటి గొట్టంలోంచి ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు కారుతూనే ఉంటాయి, చల్లగా, తాగే నీళ్లే, ఫ్రీ. ముందు మా అమ్మకి నమ్మకం కుదర్లేదు, కుళాయి నీళ్లేంట్రా అని. ఒక పెద్దావిడ వచ్చి ఆ గొట్టం చివర వేలితో మూసింది, గొట్టం పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు చిమ్మి పైకి లేచాయి, వంగి తాగేసి వెళ్లిపోయింది. ఇక నాన్న ఆగుతారా, ప్రతి కుళాయి దగ్గరా వేలు పెట్టి చూడ్డమే, ఒకసారి మా ఆవిడ మొహం మొత్తం తడిసింది. బాటిల్ నీళ్లకి ఆ రోజు ఒక్క సెంట్ ఖర్చు కాలేదు. తిండి, తూకానికి అమ్మే పిజ్జా ముక్కలు, అమ్మ వాటి మీద ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి చల్లుకుంది, నేనైతే చూడనట్టు నటించా.

తిరుగు ప్రయాణం. కొలొస్సియో నుంచి మెట్రోలో రెండో స్టేషన్ పిరమిదె, దానికి ఆనుకునే రోమా ఓస్తియెన్సె రైల్వే స్టేషన్, చివితావెక్కియా రైలు అక్కడ ఆగుతుంది. నడక చాలా తక్కువ. కానీ రైలు టెర్మినీలో బయలుదేరుతుంది కాబట్టి ఓస్తియెన్సెకి వచ్చేసరికి నిండిపోయి ఉంటుంది, అమ్మకి సీట్ దొరికింది, మేం ముగ్గురం లదిస్పోలి దాకా నిలబడ్డాం, అక్కడ సగం రైలు ఖాళీ అయ్యింది. పెద్దవాళ్లు ఎక్కువమంది ఉంటే టెర్మినీకే వెళ్లి ఆ దూరం నడిచి కూర్చోవడం బెటరేమో, మీరే తేల్చుకోండి. నేను పెట్టుకున్న రూల్ మాత్రం ఒకటే, రైలు మధ్యాహ్నం మూడుకి, నాలుగు కల్లా చివితావెక్కియాలో ఉండాలి, అప్పుడు ఒక రైలు తప్పినా ఇంకో దానికి టైమ్ ఉంటుంది. మూడున్నర నాలుగు రైలు చూసుకుంటే గుండె దడతో ప్రయాణం చేయాల్సిందే.

నాలుగ్గంటల ఎండలో మళ్లీ ఆ 25 నిమిషాల నడక అమ్మ వల్ల కాలేదు, సగంలో బెంచీ మీద కూలబడింది. ఇది నా తప్పే, స్టేషన్ ముందు బస్ కనిపించినా ఎనిమిది యూరోలు మిగుల్దామని నడిపించా. 268 మిగిల్చినవాడు ఎనిమిది దగ్గర కక్కుర్తి పడకూడదు, మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ అంటుంది. మీరు మాత్రం పొద్దున నడవండి, సాయంత్రం బస్ ఎక్కండి. అయిదింటికల్లా షిప్‌లో ఉన్నాం, టూర్ బస్ వాళ్లు మా తర్వాత అరగంటకి వచ్చారు, హైవే మీద ట్రాఫిక్ అంట.

మొత్తం నలుగురికి దారి ఖర్చు 48 యూరోలు. మార్కులు వేయాలంటే రైలుకి అయిదుకి నాలుగున్నర, బిర్గ్ టికెట్‌కి నాలుగు, ఓడ నుంచి స్టేషన్ దాకా ఉన్న ముక్కకి రెండున్నర, అదీ షటిల్ ఫ్రీ కాబట్టి. క్రూయిజ్ అక్కడే ముగిసి పెద్ద సూట్‌కేసులతో దిగేవాళ్లకి మాత్రం నేనీ దారి చెప్పను, నలుగురైదుగురుంటే వ్యాన్ మాట్లాడుకోండి, పైగా టెర్మినీ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లే లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఈ టికెట్‌లోకి రాదు.

మర్నాడు నేపుల్స్. అక్కడ ఓడ ఊరి నడిమధ్యలోనే ఆగుతుంది, దిగి రోడ్డు దాటితే కోట. నాన్న గ్యాంగ్‌వే దిగి అటూ ఇటూ చూసి, "ఇక్కడ స్టాంప్ ఎక్కడ కొట్టించాలిరా?" అన్నారు.