టేకు పలకల నేల: గాడి, నాలుక ఇంట్లో తీయాలా, మిల్లులో తీయించాలా?

విశాఖపట్నంలో చెక్క నేల వేయించుకోవాలనుకునే వారి చేతిలో సాధారణంగా రెండు రకాల కలపలో ఏదో ఒకటి ఉంటుంది. పాత ఇల్లు పడగొట్టినప్పుడు దిగిన టేకు దూలాలు, వాసాలు, గుమ్మాలు మొదటి రకం. అడితిలో సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన కొన్న కొత్త కోత కలప రెండో రకం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు కూలిన పెరటి చెట్టును కోయించి దాచుకున్న వారు ఉంటే, దాన్ని కూడా మొదటి రకంలోనే లెక్కించాలి; కారణం కింద చెబుతాను. ఇంటి పనా, మిల్లు పనా అన్న ప్రశ్నకు యంత్రాల కంటే ముందు ఈ కలప తేడాయే జవాబు చెబుతుందని నా అభిప్రాయం.

పలకకు ఒక అంచున బయటికి పొడుచుకు వచ్చే నాలుక, రెండో అంచున పక్క పలక నాలుక దూరే గాడి ఉంటాయి. మేకును నాలుక మొదట్లో ఏటవాలుగా దించుతారు కనుక అది పైకి కనిపించదు. ముప్పావు అంగుళం మందం పలకకు పావు అంగుళం మందం నాలుక తీయడం వాడుక. ఆ నాలుక పలక మందానికి సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త కిందికి ఉంటే, కొన్నేళ్ల తరువాత గరుకు కాగితం పట్టి మళ్లీ పాలిష్ వేయడానికి పైన ఎక్కువ చెక్క మిగులుతుంది. గాడి లోతు నాలుక కంటే అర మిల్లీమీటరైనా ఎక్కువ ఉండాలి; లేకపోతే నాలుక గాడి అడుగున ఆనుకొని పైన అంచులు కలవవు.

ఇంట్లో ఈ పని చేయడమంటే ఎంత శ్రమో ముందుగా లెక్క వేసుకోవాలి. 150 చదరపు అడుగుల పడకగదికి పైకి 3 అంగుళాలు కనిపించే పలకలు వేస్తే, చదరపు అడుగుకు 4 అడుగుల చొప్పున మొత్తం 600 అడుగుల పొడవు పలకలు కావాలి. రెండు అంచులూ చెక్కాలి కాబట్టి 1,200 అడుగులు రూటరు (అంచులు చెక్కే చిన్న కరెంటు యంత్రం) బిట్ మీదుగా నడవాలి. అంచు చిట్లకుండా రెండు విడతలుగా తీస్తే అది 2,400 అడుగులు అవుతుంది. అంతకు ముందు పలకల ముఖం చదును చేయడం, ఒకే మందానికి తేవడం, అంచులు తిన్నగా చిత్రిక పట్టడం ఎలాగూ ఉన్నాయి. టేకులో ఇసుక గుణం ఉంటుంది కనుక మామూలు ఉక్కు బిట్లు త్వరగా మొండిబారతాయి; కార్బైడ్ బిట్ తప్పదు. చిత్రిక పట్టక ముందు అంగుళం మందం లెక్కన 12.5 సీఎఫ్‌టీ కలప పట్టే ఈ గదికి, నాలుకకు పోయేది, రంపం తినేది, తీసివేయవలసిన తెల్ల చెక్క (బెరడు పక్కన ఉండే లేత భాగం), ముడులు కలుపుకుంటే 17 లేదా 18 సీఎఫ్‌టీ సమకూర్చుకోవాలి. ఎంవీపీ కాలనీ వంటి చోట అపార్టుమెంటులో ఈ మోతతో, ఈ దుమ్ముతో పని చేయడం పక్కింటివారు ఒప్పుకునే సంగతి కాదు. టేకు పొడి చర్మానికి, ముక్కుకు పడదు. మంచి మాస్కు లేకుండా మొదలుపెట్టకూడదు.

మిల్లులో నాలుగు వైపులా ఒకేసారి చెక్కే ప్లేనరు ఉంటే, నిమిషానికి 6 మీటర్ల నెమ్మది వేగంతో నడిపినా ఆ 600 అడుగులు అరగంటలో బయటకు వస్తాయి. పైగా మొదటి పలకకూ చివరి పలకకూ తేడా ఉండదు; ఇంట్లో చేత్తో తోసేటప్పుడు ఇదే అన్నిటికంటే కష్టమైన విషయం. అయితే యంత్రానికి కత్తులు అమర్చి సరిచూడడానికి పట్టే సమయం కోతకు పట్టే సమయం కంటే ఎక్కువ కావచ్చు కాబట్టి, ఒక్క గది పని అంటే మిల్లువారు ఆసక్తి చూపకపోవచ్చు. సీలింగు పలకలకు వాడే కత్తులతోనే నేల పలకలూ తీసి ఇచ్చే ప్రమాదం కూడా ఉంది. ఆ కత్తులు అతుకు దగ్గర వంపు గీత పెడతాయి. సీలింగుకు అది అందమే గాని, నేల మీద ఆ గీతలో చేరే దుమ్ము చీపురుకు అందదు. అందువల్ల రెండు అడుగుల నమూనా ముక్కలు రెండు తీయించి, ఒకదానిలో ఒకటి దూర్చి చూసిన తరువాతే మిగతా కలప అప్పగించాలి.

ఇంతవరకు చూస్తే మిల్లే మేలు అనిపిస్తుంది. పాత కలప విషయంలో మాత్రం తీర్పు తిరగబడుతుంది. దూలాలలో తల విరిగి లోపలే ఉండిపోయిన మేకులు, గుమ్మాలలో తుప్పు పట్టిన సీలలు, పెరటి చెట్టులో బట్టల తీగ కోసం ఎప్పుడో కొట్టి మరచిపోయిన కొక్కేలు ఉంటాయి. ఒక్క మేకు తగిలినా ప్లేనరు కత్తులన్నిటికీ గాటు పడుతుంది, ఆ తరువాత వచ్చే ప్రతి పలక మీదా ఆ గీత పడుతుంది. పాత కలప అనగానే మిల్లువారు వెనకాడితే వారిని తప్పుపట్టలేము. ఇంట్లోనైతే చిన్న మెటల్ డిటెక్టరుతో ప్రతి ముక్కనూ తడిమి, మేకు లాగి, లాగలేని చోట ఆ ముక్కను కోసి పక్కన పెట్టే ఓపికకు అవకాశం ఉంటుంది. పొరబాటున తగిలినా పాడయ్యేది ఒక్క బిట్. పాత టేకు దశాబ్దాల పాటు ఇంట్లో ఉండి మన గాలికి అలవాటుపడినది. ఆ గుణం కొత్త కలపలో దొరకదు కనుక ఈ శ్రమకు అర్థం ఉంది.

గాలి సంగతి ఈ ఊరిలో అన్నిటికంటే పెద్దది. గాలిలో తేమ 75 శాతం ఉన్నప్పుడు చెక్క తనలో సుమారు 14 శాతం తేమ నిలుపుకుంటుంది. 50 శాతానికి దిగితే చెక్కలో తేమ 9 శాతానికి చేరుతుంది. సముద్రపు గాలి ఆడే హాలుకూ, రాత్రంతా ఏసీ నడిచే పడకగదికీ మధ్య ఉండే తేడా దాదాపు ఇంతే. చెట్టు వయసు చెప్పే వలయాలు పలక ముఖానికి సమాంతరంగా వచ్చేలా కోసిన 3 అంగుళాల టేకు పలక, తేమలో 4 శాతం మార్పుకు అర మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది లేదా కుదించుకుపోతుంది. 10 అడుగుల గదిలో 40 పలకల మీద కలిపితే అది 22 మిల్లీమీటర్లకు చేరుతుంది. వలయాలు నిలువుగా వచ్చేలా కోసినదైతే దాదాపు సగమే కదులుతుంది. కాబట్టి గోడల వెంట కనీసం 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి స్కర్టింగు కింద దాచాలి.

బట్టీలో ఆరబెట్టినదని చెప్పి ఇచ్చిన కొత్త కలప అయినా, వర్షాకాలంలో తెరిచి ఉన్న షెడ్డులో కొన్ని వారాలు పడి ఉంటే పోయిన తేమను మళ్లీ తాగేస్తుంది. అందుకే కొత్త కలపను నేరుగా మిల్లులో గాడి తీయించి తెచ్చి పరచడం నాకు నచ్చదు. కాస్త ఎక్కువ మందంతో కోయించి, ఏ గదిలో వేస్తారో ఆ గదిలోనే మధ్యమధ్య బద్దెలు పెట్టి కొన్ని వారాలు పేర్చి, తేమ మీటరు అంకె రోజురోజుకూ మారకుండా నిలిచిన తరువాత తిరిగి మిల్లుకు పంపడం మంచిది. రవాణా రెండుసార్లు అవుతుంది, నిజమే. ఇంట్లో గాడి తీసే వారికి మాత్రం ఈ ఖర్చు ఉండదు. పలక అదే గదిలో ఆరి, అదే గాలిలో చెక్కబడి, అక్కడే నేల అవుతుంది. సొంత ఊరి తోట నుంచి టేకు లారీలో తెప్పించే వారు అటవీ శాఖ రవాణా పర్మిటు సంగతి ముందుగానే చూసుకోవాలి.

కొత్త కలపకు మిల్లు, పాత కలపకు ఇల్లు అని నేను అంటాను. పాత కలపే గాని గది 150 చదరపు అడుగుల కంటే బాగా పెద్దదైతే, లేదా అపార్టుమెంటు అయితే, మేకులు ఏరి ముఖం చదును చేసే పని వడ్రంగి షెడ్డులో చేయించి, మేకు లేదని తేలిన పలకలనే మిల్లుకు పంపవచ్చు.

దుకాణంలో దొరికే ఇంజనీర్డ్ పలకలు మూడో దారి. ప్లైవుడ్ పొరల మీద కొన్ని మిల్లీమీటర్ల అసలు చెక్క అతికించినవి కనుక తేమకు తక్కువగా కదులుతాయి. పై పొర పలుచనైతే మళ్లీ గరుకు కాగితం పట్టే వీలు ఉండదు. ఏసీ వేస్తూ ఆపుతూ ఉండే గదికి ఇవే నయం. నేల అంతస్తులో ఏ చెక్క వేసే ముందైనా పాలిథిన్ షీటు ముక్కను గచ్చు మీద పరచి, అంచులకు టేపు అంటించి రెండు రోజులు వదిలి చూడాలి. షీటు లోపల నీటి బొట్లు కనిపిస్తే, ఆ తేమ ఎక్కడినుంచి వస్తుందో తేల్చి ఆపేదాకా టైళ్లనే ఉంచుకోవడం మంచిది.