క్లారినెట్ వాయించేటోళ్లు స్టూడెంట్ ఓబో కొనొచ్చా? – రివ్యూ

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, గద్వాల దిక్కు బ్యాండ్ మేళాల్లో పదేండ్లు క్లారినెట్ ఊదినోళ్లకు ఓబో (రెండు బద్దల రీడ్‌తో ఊదే పాశ్చాత్య వాయిద్యం) చూడంగనే చుట్టంలెక్క కనబడతది. నల్లటి గొట్టం, తెల్లటి కీలు, ఇంచుమించు అదే పొడుగు. నోట్స్ చదవడం, తాళం, వేళ్ల వేగం అన్నీ వెంట వస్తయి. పెదవి, ఊపిరి మాత్రం మొదటికెళ్లి నేర్చుకోవాలె. ఈ రివ్యూ వాళ్ల కోసమే.

ఇక్కడ చూస్తున్నది ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్) బాడీతో, సెమీ ఆటోమేటిక్ ఆక్టేవ్ (పై స్థాయికి ఎగిరించే కీల ఏర్పాటు)తో, కాన్సర్వటోయర్ (ఫ్రెంచ్ పద్ధతి) కీ వరుసతో వచ్చే స్టూడెంట్ ఓబో. ఆన్‌లైన్‌లో పెట్టె, ఒక రీడ్, తుడిచే గుడ్డ, చిన్న స్క్రూడ్రైవర్, కార్క్ గ్రీజుతో సహా అమ్ముతరు. మీద పేరు మారినా ఈ ధరలో లోపలి సామాను దాదాపు ఒక్కతీరుగనే ఉంటది. వాయిద్యం వరకు తీసుకోవచ్చు. పెట్టెలో వచ్చే రీడ్‌ను మాత్రం లెక్కలోంచి తీసేయాలె.

ముందు బాడీ సంగతి. మంచి ఓబోలు గ్రెనడిల్లా చెక్కతో చేస్తరు. కొత్త చెక్క ఓబోను మొదటి రెండు వారాలు రోజుకు 15 నిమిషాలకు మించి ఊదొద్దు. లోపల నోటి తడి, బయట పొడి గాలి, రెండూ పడక పై జాయింట్ పగులుతది. మే నెలలో 44 డిగ్రీల ఎండకు, కూలర్ గదిలోంచి బయటికి తెచ్చి వాయించే మన దగ్గర కొత్తగా నేర్చుకునేటోళ్లకు చెక్క వద్దు. ఏబీఎస్‌కు ఆ భయం లేదు. అట్లని బండి డిక్కీలో ఎండకు వదిలిపెడితే మాత్రం ప్యాడ్లు అతికించిన జిగురు మెత్తబడి ప్యాడ్ జరుగుతది. అది జరిగితే ఏ బాడీ అయినా ఒకటే.

ఇక రీడ్. ఈ రివ్యూలో సగం బరువు దీనిదే. క్లారినెట్‌కు మౌత్‌పీస్ ఉంటది, రీడ్‌ను దానికి బిగించే లిగేచర్ ఉంటది, రీడ్ పోతే ఇంకోటి బిగిస్తరు. ఓబోకు మౌత్‌పీస్ అనేదే లేదు. రెండు పలుచటి బద్దలను ఎదురెదురుగా పెట్టి, 47 మిల్లీమీటర్ల లోహపు గొట్టానికి దారంతో కట్టిందే రీడ్. మొత్తం పొడుగు 70 నుంచి 72 మిల్లీమీటర్లు. పెట్టెతో వచ్చేది మెషీన్ మీద గీకిన రీడ్. కొస మందంగా, నోరు (కొస దగ్గర రెండు బద్దల నడుమ సందు) వెడల్పుగా ఉంటది. దాన్ని మూయడానికి పెదవి గట్టిగా నొక్కాల్సి వస్తది, పది నిమిషాల్లో మూతి చుట్టూ కండ అలిసిపోతది, కింది స్వరాలు పలకవు. చానా మంది ఇక్కడనే ఓబో మనతోని కాదని పక్కన పెడతరు. తప్పు రీడ్‌ది.

చేత్తో చేసిన మీడియం సాఫ్ట్ రీడ్లు మూడు తెప్పించుకుని రోజుకొకటి మార్చి వాడాలె. ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటుతది, 10 నుంచి 20 గంటల వాయింపుకు ఒడుస్తది. ఇది నెల నెలా వచ్చే ఖర్చు అని ముందే అనుకోవాలె. వాయించే ముందు చిన్న డబ్బీలో నీళ్లు పోసి రీడ్‌ను 2, 3 నిమిషాలు నానబెడితే చాలు. ఎక్కువ నానితే బద్దలు ఉబ్బి నోరు ఇంకా తెరుచుకుంటది. బోరు నీళ్లు వద్దు. నల్లగొండ బోరు నీళ్లు బకెట్‌కు తెల్లటి పొర కట్టినట్టే బద్దకూ కడతయి. తాగే నీళ్లే పోయాలె.

నానిన రీడ్‌ను రెండు తీర్ల చూడాలె. కింది రంధ్రాన్ని వేలితో మూసి, కొస దిక్కు నుంచి గాలి పీల్చి నోట్లోంచి తీస్తే బద్దలు ఒక క్షణం అతుక్కుని ఉండి, ఆ తర్వాత టప్పుమని తెరుచుకోవాలె. వెంటనే తెరుచుకుంటే పక్కల్లోంచి గాలి పోతున్నట్టు. దానికి నల్లా పనోళ్లు వాడే టెఫ్లాన్ టేప్‌ను దారం మీదికెళ్లి బద్ద అడుగు దాకా రెండు చుట్లు చుడితే ఆగుతది. రెండోది: దారం దాకా నోట్లో పెట్టి రీడ్‌ను ఒక్కదాన్నే ఊదాలె. గరగరమంటూ మోగితే మంచిదే. సన్నటి కూత ఒక్కటే వస్తే నోరు మూసుకుపోయింది. ఒట్టి గాలే వస్తే బద్ద గట్టిది.

రీడ్‌ను ఓబోలో అడుగు దాకా నెట్టాలె. క్లారినెట్‌లో బ్యారెల్ జరంత గుంజి శ్రుతి దించినట్టు ఇక్కడ గుంజితే లోపల ఖాళీ ఏర్పడి కొన్ని స్వరాలు వణుకుతయి, కొన్ని పక్కకు పోతయి. శ్రుతి తేడా ఉంటే రీడ్ మార్చాలె.

మూతి పెట్టే తీరు: క్లారినెట్‌లో పై పండ్లు మౌత్‌పీస్ మీద ఆనుతయి. ఓబోకు రెండు పెదవులూ పండ్ల మీదికి మడవాలె, 'ఊ' అన్నట్టు మూలలు లోపలికి రావాలె, రీడ్ కొస కొద్దిగా మాత్రమే నోట్లో ఉండాలె. క్లారినెట్ అలవాటున్నోళ్లు రీడ్‌ను ఎక్కువ లోపలికి తీసుకుంటరు. అప్పుడు స్వరం కీచుమని పైకి పోతది. కొరికితే కూడా అంతే, పైగా కింది స్వరాలు చచ్చిపోతయి.

ఊపిరి దగ్గర పాత అలవాటు పూర్తిగా ఎదురు తిరుగుతది. రీడ్ నోరు అంత సన్నగా ఉంటది కాబట్టి గాలి శానా తక్కువ పోతది, ఒత్తిడి మాత్రం ఎక్కువ కావాలె. క్లారినెట్‌లో గాలి అయిపోతది, మళ్లీ పీలుస్తరు. ఓబోలో వాడిన గాలి ఛాతీలోనే మిగిలిపోతది. దాని మీద మళ్లీ పీలిస్తే నాలుగు లైన్లలో తల తిరిగి, కండ్లు మసకబడతయి. అందుకే ముందు విడవాలె, తర్వాత పీల్చాలె. 8 మాత్రలు ఊది, 2 మాత్రలు గాలి వదిలి, 2 మాత్రలు పీల్చి, మళ్లీ 8 మాత్రలు. మొదటి నెల రోజూ ఇదే సాధన. నోట్స్ మీద కూడా విడిచే చోటు, పీల్చే చోటు వేరువేరు గుర్తులతో రాసుకుంటే పాట మధ్యలో తడబాటు ఉండదు.

వేళ్ల విషయానికొస్తే, క్లారినెట్ గొట్టం ఒకే వెడల్పు కాబట్టి రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరానికి ఎగురుతది. ఓబో గొట్టం కింద వెడల్పవుతది, ఆక్టేవ్‌కే ఎగురుతది. కాబట్టి పై స్థాయికి, కింది స్థాయికి వేళ్లు దాదాపు ఒకటే, ఇది హాయి. క్లారినెట్ పై రిజిస్టర్ వేళ్లు ఓబోకు దగ్గరగా ఉంటయి: ఎడమ చేతి మూడు వేళ్లకు జి, రెండు చేతుల ఆరు వేళ్లకు డి. మోసం మధ్యలో ఉంది. ఎడమ మూడు, కుడి చూపుడు వేలు పెడితే క్లారినెట్‌లో ఎఫ్, ఓబోలో ఎఫ్ షార్ప్. బి అంటే ఎడమ చూపుడు వేలు ఒక్కటే, సి మాత్రం రెండు చేతుల చూపుడు వేళ్లు. స్వరం పైకి పోతుంటే వేలు పెరుగుతది! బి, సి మధ్య మెల్లగ వందసార్లు తిప్పితే గానీ చేతికి ఎక్కదు.

పై సి షార్ప్, డి, ఈ ఫ్లాట్‌లకు ఎడమ చూపుడు వేలును ఎత్తొద్దు, కిందికి దొర్లించి ప్లేట్ మీది చిన్న రంధ్రం మాత్రం తెరవాలె. ఈ నుంచి జి షార్ప్ దాకా బొటనవేలి ఆక్టేవ్ కీ, ఏ నుంచి పై సి దాకా పక్క కీ. సెమీ ఆటోమేటిక్‌లో పక్క కీ నొక్కితే మొదటిది దానంతటదే మూసుకుంటది, బొటనవేలు అక్కడే ఉంచొచ్చు.

కొనేటప్పుడు తప్పకుండా చూడాల్సింది ఎడమ ఎఫ్ కీ. డి నుంచి ఎఫ్‌కు పోవాలంటే కుడి ఉంగరపు వేలు ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు. ఎడమ ఎఫ్ ఉంటే ఆ గొడవ తప్పుతది, లేకుంటే ఫోర్క్ ఎఫ్ (కుడి నడిమి వేలు ఎత్తి పట్టే ఎఫ్) పట్టాలె, దాని స్వరం మందంగా ఉంటది. చవక మోడళ్లలో కొన్నిటికి ఎడమ ఎఫ్ ఉండదు, ఫొటోలు దగ్గరగా చూసి లెక్కపెట్టాలె.

ఇంకో మాట, బ్యాండ్‌లో వాడే బి ఫ్లాట్ క్లారినెట్‌లో సి అని పట్టేది హార్మోనియం మీద బి ఫ్లాట్. ఓబోలో సి అంటే సి నే. క్లారినెట్‌లో సి మేజర్‌లో పట్టే పాటను దానితో కలిపి వాయించాలంటే ఓబో మీద బి ఫ్లాట్ మేజర్ పట్టాలె.

స్క్రూల దగ్గర ఈ మోడల్‌కు మార్కులు తగ్గుతయి. ఓబో కీలు ఒకదానికొకటి ముడిపడి ఉంటయి, ప్రయాణంలో కుదుపుకే సర్దుబాటు తప్పుతది. కింది డి పట్టి, జి షార్ప్ కీ నొక్కి చూడాలె. స్వరం మారకూడదు. మారిందంటే జి షార్ప్ ప్యాడ్‌ను మూసి ఉంచే స్క్రూ వదులైంది. ఎనిమిదో వంతు తిప్పి మళ్లీ చూడాలె. ఎక్కువ బిగిస్తే అటు దిక్కు ప్యాడ్ తెరుచుకుంటది. ప్యాడ్ కింద సిగరెట్ కాగితం ముక్క పెట్టి, కీ మూసి మెల్లగ గుంజితే అన్ని పక్కలా ఒకే పట్టు ఉండాలె. మన జిల్లాల్లో క్లారినెట్ ప్యాడ్లు మార్చేటోళ్లు దొరుకుతరు గానీ ఈ సర్దుబాటు తెలిసినోళ్లు అరుదు. స్క్రూడ్రైవర్ పట్టడం సొంతంగా నేర్చుకోక తప్పదు.

పెట్టెలో వచ్చే గుడ్డ కూడా మార్చాలె. పై జాయింట్ రంధ్రం పైకి పోయేకొద్దీ సన్నబడతది, మందపు గుడ్డ మధ్యలో ఇరుక్కుంటది. రెండు కొసలకూ దారం ఉన్న సిల్కు గుడ్డ అయితే బిగుసుకున్నా వెనక్కి గుంజొచ్చు.

బారాత్‌లో డప్పు, సైడ్ డ్రమ్ము, ట్రంపెట్ పక్కన ఓబో వినబడదు, ఆ పనికి కొనొద్దు. రికార్డింగ్‌కు, చర్చి పాటలకు, చిన్న గదిలో కచేరీకి దీని గొంతు వేరే దేనికీ రాదు. సన్నాయి వాయించేటోళ్లకు రెండు బద్దల రీడ్ అలవాటే కాబట్టి మూతి తొందరగా కుదురుతది. కానీ సన్నాయి రంధ్రాల మీద వేలు జార్చి తీసే గమకం ఈ కీల మీద రాదు, పెదవితో కొద్దిగా వంచుకోవాలె.

కొనే వరుస కూడా ముఖ్యమే. రీడ్లు ముందు తెప్పించి పెట్టుకున్నాకనే ఓబో ఆర్డర్ పెట్టాలె. వచ్చిన రోజే మంచి రీడ్‌తో కింది బి ఫ్లాట్ నుంచి పైకి ఒక్కో స్వరం మెల్లగ పలికించి, జి షార్ప్ పరీక్ష, కాగితం పరీక్ష చేయాలె. కింది సి, బి, బి ఫ్లాట్ మెత్తగ ఊదినా పలకకుంటే, స్క్రూ సర్దినా మారకుంటే, రిటర్న్ గడువు లోపలే వాపస్ పంపాలె.