పాత మెట్లపై అతికించే ‘టేకు’ పలకల సెట్లతో జాగ్రత్త

చెన్నైలో పెరంబూరు, అయనావరం, పశ్చిమ మాంబళం వంటి పాత పేటల్లో ఇళ్లు ఉండి, వాటిని బాగుచేయించుకునే ఆలోచనలో ఉన్న మన తెలుగువారు ఈ విషయం తప్పక తెలుసుకోవాలని రాస్తున్నాను. ఎర్ర ఆక్సైడ్ గచ్చుతో కట్టిన మెట్లు రంగు వెలిసి, అంచులు పెచ్చులూడిపోయాక వాటిని పగలగొట్టించడం దుమ్ముతోనూ ఖర్చుతోనూ కూడిన పని కాబట్టి, పాత మెట్టు మీదే అతికించుకునే చెక్క పలకల సెట్లు ఇప్పుడు అమ్ముతున్నారు. మేస్త్రీ అక్కరలేదు, వడ్రంగి అక్కరలేదు, శని ఆదివారాల్లో ఇంటివారే అమర్చుకోవచ్చు అని చెప్పి అమ్ముతున్నారు. నగరంలోని ఒక ఇంటీరియర్ సామగ్రి దుకాణం మాకు టేకు అని చెప్పి అమ్మిన సెట్టులో టేకు లేదు. మెట్ల ఎత్తు మారిపోతుందన్న మాట ఎవరూ చెప్పలేదు. పలకలు ఉబ్బి ఊడిపోయాక డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆ దుకాణం ఒప్పుకోలేదు. వీటిలో డబ్బు పోవడం చిన్న సంగతి. మనిషి పడిపోయే ప్రమాదం ఎత్తు విషయంలో ఉంది కనుక ముందుగా దాని గురించే వివరంగా చెబుతాను.

మా ఇంటి మెట్లు ఒక్కొక్కటి 7 అంగుళాల ఎత్తు, అంటే సుమారు 178 మిల్లీమీటర్లు. సెట్టులోని పలక మందం, కింద వేసే జిగురుతో కలిపి, ఒక అంగుళం. అన్ని మెట్ల మీదా ఒకే మందం వేస్తున్నప్పుడు తేడా ఎక్కడి నుంచి వస్తుందని దుకాణంలోని వ్యక్తి ధీమాగా అన్నారు. మధ్య మెట్ల విషయంలో ఆ మాట నిజమే, ఎందుకంటే కింది మెట్టూ పై మెట్టూ సమానంగా పెరుగుతాయి. కానీ మొదటి మెట్టు కింద ఉన్న హాలు నేల పెరగదు, చివరి మెట్టు తరువాత వచ్చే పై అంతస్తు నేలా పెరగదు. అందువల్ల నేల నుంచి మొదటి మెట్టు ఎత్తు 8 అంగుళాలు, అంటే 203 మిల్లీమీటర్లు అవుతుంది. చివరి మెట్టు నుంచి పై నేలకు 6 అంగుళాలే మిగులుతుంది. నివాస గృహాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించరాదని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అంతవరకు నియమంలోనే ఉన్న మా మొదటి మెట్టు ఈ పలకతో ఆ హద్దు దాటిపోయింది.

హద్దు దాటడం కంటే ఒకే వరుసలోని మెట్ల మధ్య 2 అంగుళాల తేడా రావడం మరింత ప్రమాదం. మెట్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఎవరూ ప్రతి మెట్టునూ చూసి అడుగు వేయరు. రెండు మూడు మెట్లు దాటేసరికి కాలు ఆ ఎత్తుకు అలవాటు పడి దానంతట అదే పడుతుంది. మా అత్తగారు చీకటి పడ్డాక మేడ మీద ఆరిన బట్టలు తీసుకుని దిగుతూ, అన్నిటికంటే కింది మెట్టు మీద నుంచి హాలు నేల అందుతుందనుకున్న చోట అందక ముందుకు తూలారు. పక్కనే గోడ ఉండబట్టి చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నారు. ఈ తేడా రాకుండా ఉండాలంటే కింది నేలకూ పై నేలకూ కూడా అంతే మందం పొర వేయాలి, లేదా మెట్ల మీది పాత గచ్చును, లోపలి కాంక్రీటు జోలికి పోకుండా, పలక మందం మేరకు మేస్త్రీ చేత చెక్కించాలి. రెండూ ఇంటివారు శని ఆదివారాల్లో ముగించుకోగల పనులు కావు. రోజూ ఇవే అమ్మే దుకాణానికి ఈ సంగతి తెలియదని నేను నమ్మను. ముసలివాళ్లూ చిన్నపిల్లలూ తిరిగే ఇళ్లకు అమ్ముతూ కూడా చెప్పకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది.

ఇక సరుకు సంగతి. దుకాణంలో చూపిన నమూనా పలక అసలైన టేకు. ఇంటికి చేరిన పలకలు మాత్రం ఎండీఎఫ్, అంటే చెక్కపీచును జిగురుతో కలిపి అదిమి చేసిన బోర్డు. దాని మీద టేకు గీతలు అచ్చువేసిన పలుచని పొర అతికించి ఉంది. రెండు పలకలను పక్కపక్కన పెట్టి వెలుతురులో చూస్తే, ఎడమ అంచుకు జానెడు దూరంలో రెండింటి మీదా ఒకే ఆకారపు ముడి, దాని కింద ఒకే తీరున వంగిన మూడు గీతలు కనిపించాయి. అసలు చెక్కలో ఏ రెండు పలకల ముళ్లూ ఇలా అచ్చు గుద్దినట్టు ఉండవు. అసలు చెక్కలో పైన కనిపించే గీత అంచు మీదుగా మలుపు తిరిగి కోసిన ముఖంలోకి సాగుతుంది. వీటిలో గీత అంచు దగ్గరే ఆగిపోయి, కోసిన చోట గీతలేమీ లేని గోధుమరంగు పీచు మాత్రమే ఉంది. కోయగా మిగిలిన ముక్క అంచు మీద కొన్ని నీటి చుక్కలు వేసి ఉంచితే, తెల్లవారేసరికి ఆ చోటు ఉబ్బిపోయి, గోటితో గీస్తే పొట్టు రాలింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వేళ చెన్నై గాలిలో ఉండే తేమకూ, రోజూ తడిగుడ్డతో తుడిచే మన అలవాటుకూ ఇటువంటి బోర్డు మెట్ల మీద నిలవదు. గది లోపలి బీరువా తలుపుకు ఎండీఎఫ్ వాడితే తప్పు లేదు. కాలు పడే చోట, నీరు తగిలే చోట వేసుకోమని దాన్ని టేకు పేరుతో అమ్మడం మోసం.

జిగురు కూడా పట్టలేదు. పాత ఎర్ర గచ్చుకు ఏళ్ల తరబడి మైనం పాలిష్ పట్టించి ఉంటారు. దాన్ని పూర్తిగా తొలగించి, పైభాగాన్ని గరుకుగా చేసి, బాగా ఆరనిస్తే తప్ప ఏ జిగురైనా మైనాన్నే పట్టుకుంటుంది గాని గచ్చును పట్టుకోదు. సెట్టుతో ఇచ్చిన కాగితంలో పొడిగుడ్డతో తుడిచి అతికించమని మాత్రమే ఉంది.

ఊడిన పలకలు తీసుకుని వెళ్లినప్పుడు దుకాణం వారు ఇచ్చిన సమాధానం వినండి: నిపుణుడైన వడ్రంగి చేత అమర్చించలేదు కాబట్టి వారంటీ వర్తించదట. వడ్రంగి అక్కరలేదన్న మాట మీదే అమ్మిన సరుకుకు ఈ సమాధానం ఎలా చెల్లుతుందో నాకు అర్థం కాలేదు. బిల్లులో ‘మెట్ల సామగ్రి, ఒక సెట్టు’ అని తప్ప చెక్క రకం రాయలేదు కనుక టేకు అని తాము చెప్పనే లేదని కూడా అన్నారు.

అందుచేత డబ్బు కట్టేముందు చెక్క రకం, మందం, వారంటీ షరతులు బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. నమూనా పలక కాకుండా, మీకు పంపబోయే సరుకులోంచి ఒక పలకను మీ ఎదుటే కోయించి చూడండి. నీటిని తట్టుకునే ప్లైవుడ్ అని చెబితే ఐఎస్‌ఐ ముద్రతో పాటు ఐఎస్ 710 అనే సంఖ్య ఉందో లేదో చూసి, ముద్ర కింద ఉండే సీఎం/ఎల్ లైసెన్సు నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

ఇప్పటికే నష్టపోయినవారు ఊరుకోవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కు తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు; చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, గడువు రెండేళ్లు. మా ఫిర్యాదు ఇప్పుడు హెల్ప్‌లైన్ దగ్గర ఉంది. ఊడిన పలకలను, కోసిన ముక్కలను పారేయకుండా దాచాం.

మరొక విషయం. అదే సెట్టుతో పాత ఇనుప కటకటాలకు రంగు, ఉప్పుకాగితం కూడా ఇస్తున్నారు. గృహ రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది కాబట్టి అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచి, మంచి మాస్కు పెట్టుకుని, తడిపి మాత్రమే గీకాలి.

ఇటువంటి సెట్టు ఇప్పటికే అమర్చుకున్నవారు ఈ రోజే టేపు తీసుకుని మొదటి, చివరి మెట్ల ఎత్తును మధ్య మెట్టుతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే, సరిచేయించే దాకా ఆ రెండు మెట్ల అంచులకు కొట్టొచ్చినట్టు కనిపించే పసుపు టేపు అతికించి, రాత్రిపూట మెట్ల దగ్గర లైటు వేసి ఉంచండి.