అగ్నిపక్షి, కోడికాళ్ల గుడిసె, ఎర్ర అంచు: మూడేళ్ల క్రాస్ స్టిచ్ తర్వాత

చిన్నప్పుడు సోవియట్ పిల్లల పుస్తకాలు తెలుగులో చదివినవాళ్లకి బాబా యాగాని పరిచయం చెయ్యక్కర్లేదు. రోట్లో కూర్చుని, రోకలితో తోసుకుంటూ ఆకాశంలో పోయే ముసలమ్మ. ఆ పిచ్చితోనే మూడేళ్లలో స్లావ్ (రష్యా, ఉక్రెయిన్ వైపు) జానపద కథల క్రాస్ స్టిచ్, అంటే గళ్ల గుడ్డ మీద X ఆకారంలో వేసే కుట్టు, మూడు పూర్తి చేశాను.

మొదటిది అగ్నిపక్షి కిట్ (గుడ్డ, దారాలు, నమూనా కలిపి అమ్మేది). రాజుగారి తోటలో బంగారు ఆపిల్స్ దొంగిలించే పిట్ట. దాని ఈక ఒక్కటి చాలు, గదంతా వెలుగే. అట్ట మీది బొమ్మ చూసి ఇంకేం ఆలోచించకుండా కొనేశాను. 14 కౌంట్ ఐడా గుడ్డ (అంగుళానికి 14 గళ్లుండే కుట్టు గుడ్డ), 150 కుట్ల వెడల్పు, 210 కుట్ల ఎత్తు, ఎక్కడా ఖాళీ లేదు. అంటే 31,500 కుట్లు, 42 రంగులు. తోక దగ్గరికొచ్చేసరికి నారింజలోనే ఆరు ఛాయలు, ఒక్కో కుట్టుకో దారం మార్చాలి. పద్నాలుగు నెలలు పట్టింది. గోడకి తగిలించాక మా అత్తగారు "నెమలి బాగా వచ్చిందమ్మా" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

రెండోది బాబా యాగా కోడికాళ్ల గుడిసె, 16 కౌంట్ నల్ల గుడ్డ మీద. రాత్రి లైటు కింద కన్నాలే కనబడవు. ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుంటే కనిపిస్తాయని రెండు నెలలు కళ్లు పొడుచుకున్నాక తెలిసింది. కంచె మీది పుర్రెల కళ్లకి ఒక్కొక్క పసుపు కుట్టు వేస్తాం చూడండి, పడిన కష్టమంతా అక్కడ తీరింది.

నాకు నిజంగా నచ్చింది మూడోది, ఉక్రెయిన్ రుష్నిక్ అంచు. రుష్నిక్ అంటే కుట్టుపని చేసిన పొడవాటి తువ్వాలు. దేవుడి పటాల మీద వేస్తారు, పెళ్లిలో వధూవరులు దాని మీద నిలబడతారు, అతిథికి రొట్టె, ఉప్పు దాని మీదే పెట్టి అందిస్తారు. నేను కుట్టినదాంట్లో ఎరుపు, నలుపు, అంతే. డైమండ్ గళ్లు, మధ్యలో చుక్కలు: విత్తిన పొలం అని చెబుతారు. ముగ్గు వేసిన చేతికి ఆ లెక్క ఇట్టే పట్టుబడుతుంది. మూడు వారాల్లో అయిపోయింది. రుష్నిక్‌ల మీద గులాబీలు కూడా కనిపిస్తాయి, అవి అంత పాతవి కావట. 19వ శతాబ్దం చివర్లో మాస్కోలోని బ్రోకార్ కంపెనీ సబ్బు కాగితాల మీద కుట్టు నమూనాలు అచ్చు వేసింది, అక్కణ్ణుంచే ఊళ్లకి పాకాయంటారు.

కష్టం ఉతుకులో వచ్చింది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఎర్ర దారం మొదటిసారే రంగు దిగి, తెల్ల గుడ్డంతా గులాబీ మరకలు. ఆరనివ్వకుండా చన్నీళ్లు మార్చి మార్చి సాయంత్రం దాకా నానబెట్టాను. చాలావరకు పోయింది, ఒక మూల మిగిలింది.

కొనాలనుకుంటే కిట్ వద్దు, చార్ట్ (గళ్ల మీద గీసిన నమూనా) ఒక్కటి కొనుక్కోండి. దారాలు మన దగ్గరే దొరుకుతాయి. డీఎంసీ, యాంకర్ రెండూ దారాల బ్రాండ్లు; డీఎంసీ 310 నలుపుకి యాంకర్‌లో 403 సరిపోతుంది. ఎరుపులకి మాత్రం ఇలా నంబర్లు జత చేసే పట్టికని నమ్మకుండా షాపులో పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. దారంలో ఉండే ఆరు పోగుల్లో 14 కౌంట్‌కి రెండు చాలు.

అగ్నిపక్షి గాజు వెనక దుమ్ము పట్టకుండా ఉంది. రుష్నిక్ భోజనాల బల్ల మీద ఉంటుంది, వారానికోసారి ఉతుకుతున్నా, కుట్టు ఒక్కటీ కదల్లేదు. ఇంకోదానికి గుడ్డ కత్తిరించి పెట్టాను. ఈసారి దారాన్ని ముందే ఉతికాను.