రమ్ము బిస్కెట్లు: అమ్మమ్మ కొలతలు, ఇన్నేళ్ల అనుభవం

గుంటూరులో మా ఇంట్లో ఏటా క్రిస్మస్‌కు కాల్చే రమ్ము బిస్కెట్ల గురించి అడిగేవాళ్లకు ముందే నా తీర్పు చెప్పేస్తాను. ఈ వంటకంలో మార్చకూడనిది ఒక్కటే: ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టే కాలం. వెన్న బదులు నెయ్యి వేసుకోవచ్చు, జీడిపప్పు లేకపోతే బాదం వేసుకోవచ్చు, ఓవెన్ ఏదైనా సర్దుకోవచ్చు. నానబెట్టడాన్ని ఒక్క రాత్రికి కుదించారా, చేతికొచ్చేది మామూలు జీడిపప్పు బిస్కెట్టే. దానికి ఇంత శ్రమ అనవసరం.

అమ్మమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేవారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరుతో నిలిచిన ఆ లూథరన్ మిషన్ ఆసుపత్రి ద్వారా అమెరికా దొరసానుల వంటలు కొన్ని మన నర్సుల ఇళ్లకూ చేరాయి. వెన్న, పంచదార, మైదా, గుడ్డు సొన, అంతవరకూ వాళ్లవే. రమ్ము తాతయ్య వల్ల వచ్చింది. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చారు కాబట్టి మిలిటరీ క్యాంటీన్ సీసా దొరికేది. అందులో ఆయన తాగింది తక్కువ, అమ్మమ్మ జాడీలోకి వెళ్లింది ఎక్కువ. బెల్లం మాత్రం అచ్చంగా అమ్మమ్మ ఆలోచన. ఈ బిస్కెట్‌కు ప్రాణం పోసింది అదేనని నా నమ్మకం.

కొలతలు ఇవి. పావు కిలో మైదాకు 150 గ్రాముల ఉప్పులేని వెన్న, 60 గ్రాముల పంచదార, 60 గ్రాముల బెల్లం పొడి, ఒక గుడ్డు పచ్చసొన, 75 గ్రాముల ఎండుద్రాక్ష, 50 గ్రాముల జీడిపప్పు పలుకులు, చిటికెడు ఉప్పు, రెండు లవంగాలు దంచిన పొడి, కాస్త జాజికాయ, 30 మిల్లీలీటర్ల రమ్ము. చిన్నవి నలభై దాకా వస్తాయి. బేకింగ్ పౌడర్ లేదు, అవసరమూ లేదు.

బెల్లం ఎందుకంటే, రమ్ము పుట్టేది మొలాసిస్ నుంచి. చెరకు రసం నుంచి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి పాకం అది. తెల్లని పంచదారలో దాని జాడ ఉండదు, బెల్లంలో అది అలాగే ఉండిపోతుంది. అందుకే బెల్లం పక్కన రమ్ము వాసన గాఢంగా నిలబడుతుంది. అలాగని మొత్తం బెల్లమే వేస్తే గాలిలోని తేమను లాక్కుని బిస్కెట్ మెత్తబడుతుంది. సగం సగం అన్న అమ్మమ్మ లెక్కకు తిరుగులేదు.

ఇక నానబెట్టడం. నవంబరు సగంలో ద్రాక్షను కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి, గాజు జాడీలో వేసి మునిగేదాకా రమ్ము పోయాలి. అప్పుడప్పుడూ జాడీని కదపాలి. క్రిస్మస్ వారానికల్లా ద్రాక్ష ఉబ్బి నిగనిగలాడుతుంది. రమ్ము కూడా ద్రాక్ష తీపి పట్టి చిక్కబడుతుంది. పిండిలోకి పోయవలసింది ఈ జాడీలో రమ్మునే, సీసాలోది కాదు. ఎవరూ రాసిపెట్టని కిటుకు ఇది. అమ్మమ్మ చేతుల వెంట చూసి నేర్చుకున్నాను.

రమ్ముల్లో నల్లనిదే తీసుకోండి. 1954 నుంచి దొరుకుతున్న ఓల్డ్ మంక్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఓక్ పీపాల్లో నిలవ ఉన్నందువల్ల దానిలో వనిలా ఛాయ ఉంటుంది, విడిగా ఎసెన్స్ అక్కరలేదు. తెల్ల రమ్ము కాల్చాక తన ఉనికినే చాటుకోదు. ఖరీదైన విదేశీ సీసాను పిండిలో పోయడం డబ్బు దండగ. రమ్ము ఎసెన్స్ కూడా వాడి చూశాను. ఓవెన్ తలుపు తీసేటప్పుడు ఇల్లంతా ఘుమఘుమ, నోట్లో వేసుకుంటే మందు చేదు. దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

పిల్లలకు పెట్టవచ్చా అని తప్పకుండా అడుగుతారు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరిగినా ఓవెన్‌లో పూర్తిగా ఎగిరిపోదు. పిండిలో కలిపి పావుగంట కాల్చిన వంటకంలో దాదాపు 40 శాతం మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలు చెబుతాయి. ద్రాక్ష పీల్చుకున్నదీ పిండిలో పోసిందీ కలిపి 60 మిల్లీలీటర్లనుకుందాం. రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. నలభై బిస్కెట్లకు పంచితే ఒక్కోదానిలో చివరికి మిగిలేది సుమారు పావు మిల్లీలీటరు. తక్కువే, కానీ సున్నా కాదు. అందుకే చిన్నపిల్లలకూ గర్భిణులకూ నేను ఇవ్వను. మా సంఘంలో మద్యం ముట్టని కుటుంబాలు చాలా ఉన్నాయి, వీధిలో ముస్లిం ఇళ్లూ ఉన్నాయి. డబ్బా అందించే ముందే విషయం చెప్పాలి. సంక్రాంతికి మనకు అరిసెలు పంపే ఇంటివాళ్ల పట్ల అది కనీస మర్యాద.

రమ్ము లేని వాయి విడిగా చేస్తాం. అది మద్యనిషేధం రోజుల్లో పుట్టింది. 1995 జనవరిలో రాష్ట్రమంతా నిషేధం వచ్చింది, 1997లో సడలింది. తాతయ్య అప్పటికే లేరు, క్యాంటీన్ సీసా ఆగిపోయింది. ఆ రెండు క్రిస్మస్‌లకూ అమ్మ కమలాపండ్ల రసంలో లవంగాలు వేసి మరిగించి, చల్లార్చి, ద్రాక్షను రాత్రంతా అందులో ఉంచింది. పిండిలో కమలా తొక్క తురుము కలిపింది. రమ్ము బిస్కెట్‌కు బదులుగా కాక వేరే బిస్కెట్‌గా చూస్తే చాలా బాగుంటుంది. రసం పీల్చిన ద్రాక్షలో నీరు ఎక్కువ కాబట్టి కరకర త్వరగా పోతుంది. వారంలోపు తినేయాలి.

పిండి కలిపేటప్పుడు మన ఊరి ఎండతోనే పేచీ. వెన్న 30 డిగ్రీలకే జారిపోతుంది, డిసెంబరులో కూడా మధ్యాహ్నం వంటగది అంత వేడెక్కుతుంది. తెల్లవారుజామునే కలిపి, కర్రలా చుట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, అరంగుళం కన్నా పలచగా బిళ్లలు కోయండి. వెన్నలో 80 శాతమే కొవ్వు కాబట్టి, నెయ్యితో చేసేవాళ్లు 150 బదులు 120 గ్రాములు వేస్తే చాలు. నోట్లో కరిగిపోయేలా గుల్లగా వస్తాయి, అమ్మకు అవే ఇష్టం. నాకు మాత్రం నెయ్యి వాసన రమ్మును అణిచేసినట్టు ఉంటుంది.

ఒకప్పుడు పిండి గిన్నె తీసుకెళ్లి కొత్తపేటలోని బేకరీలో కాల్పించుకునేవాళ్లం. కట్టెల బట్టీ ఇటుకల వేడికి బిస్కెట్ అడుగూ పైభాగమూ ఒకే రంగు తిరిగేవి. ఆ బట్టీ ఇప్పుడు లేదు. ఇంటి ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, బెల్లం వల్ల అడుగు తొందరగా మాడుతుంది, కాబట్టి ట్రే మధ్య అరలో పెట్టి 160 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు కాలుస్తున్నాను. అంచులు ఎర్రబడగానే తీసేయాలి. నడిమి భాగం మెత్తగా తోచినా చల్లారాక గట్టిపడుతుంది. బట్టీ రుచికి ఇది దగ్గరగా వచ్చింది, పూర్తిగా అందలేదు.

పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టాలి. కాల్చిన రోజున రమ్ము ఘాటుగా అనిపిస్తుంది, మూడో రోజు నుంచి లవంగం, బెల్లం, రమ్ము ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే డిసెంబరు 20 దాటకుండా కాల్చడం మంచిది. సీసా కొనేవాళ్లకు 180 మిల్లీలీటర్ల క్వార్టర్ చాలు. జాడీలో మిగిలిన రమ్మును పారబోయకుండా అందులో ఖర్జూరం ముక్కలు వేసి మూత పెట్టండి. ఈస్టర్‌కు ఇంకో వాయి చేసుకోవచ్చు, అప్పటి ఎండకు పిండిని మాత్రం రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి.